చూపునరము మరల చిగుర్చునా?

ఈ మధ్య పత్రికలలో నొక వార్త తరచుగా కనబడుచున్నది. నీటికాసుల వ్యాధివలన చెడిన చూపునరమును మరల పెంచు నుపాయము శాస్త్రజ్ఞులకు చిక్కినదనియు, నిక నీ వ్యాధికి భయపడ నక్కరలేదనియు నా వార్తల సారాంశము. వీనిని చదివినవారు రెండు తెగలుగా నున్నారు. కొందఱు, రోగము కుదుర్చు మందు రానున్నది గదా యని తలంచి, వైద్యుడిచ్చిన చుక్కలను వేసికొనుటయం దశ్రద్ధ చూపుదురు. మఱికొందఱు, ఇదంతయు ఎలుకలమీద చేయు ప్రయోగమే గాని మనుష్యుల కక్కఱకు వచ్చునది కాదని త్రోసివేయుదురు. ఈ రెండు తెగలవారును తొందరపడుచున్నారని మా యభిప్రాయము. పరిశోధన నిజమైనది, గొప్పది, మన మాదరింపదగినది. అయినను నేటి రోగికి చూపు నిలుపునవి మందుచుక్కయు సకాలమున జరుగు పరీక్షయునే. ఈ రెంటికిని విరోధము లేదు. నేడు చుక్కతో కాపాడుకొన్న నరమే రేపటి చికిత్సకు ఆధారము కాగలదు. ఈ మాటను కారణములతో వివరించుట మా యుద్దేశము.

ముందుగా వ్యాధి యెట్టిదో తెలిసికొనవలెను. పెద్దవారికి చూపు తగ్గినచో "పొర కమ్మినది" అని యూరకుండుట మన యిండ్లలో వాడుక. కాని శుక్లము వేఱు, నీటికాసులు వేఱు. శుక్లమునందు కంటిలోని కటకము మసకబారును. దానిని తీసివేసి కృత్రిమమైన కటకము నమర్చినచో చూపు మరల వచ్చును. నీటికాసులందు చెడునది చూపునరము. కనుగ్రుడ్డు ముందుభాగమున నొక తేటనీరు ఎల్లప్పుడు ఊరుచుండును. ఇది చెంపలమీదికి జాఱు కన్నీరు కాదు. కంటిలోపలనే పుట్టి, నల్లగ్రుడ్డు అంచున నున్న కోణమునందలి జల్లెడవంటి దారిగుండా లోపలనే రక్తములో కలిసిపోవును. నీరు ఎప్పటివలె ఊరుచుండగా పోవుదారి యిఱుకైనచో, లోపల ఒత్తిడి పెరుగును. సాధారణముగా నీ యొత్తిడి పాదరసమానమున 10 మొదలు 21 మిల్లీమీటర్లవఱకు నుండును. ఒత్తిడి పెరిగినవారిలోను, కొందఱియందు ఒత్తిడి మితములో నున్నప్పుడు సైతము, నరము కంటినుండి వెలుపలికి పోవు ద్వారమువద్ద నలిగి క్రమముగా నశించును.

కంటి వెనుకగోడకు అంటియుండు పలుచని తెరకు రెటీనా యని పేరు. అందులో గాంగ్లియను కణములను నరకణములు కలవు. ఒక్కొక్క కణమును ఒక్కొక్క సన్నని తంతువును బయటికి పంపును. ఇట్టి తంతువులు సుమారు 10 లక్షలు ఒక కట్టగా చేరి చూపునరమై మెదడునకు పోవును. టెలిఫోను పెట్టె బాగుగనే యున్నది, ఊరి నడుమనున్న టెలిఫోను కార్యాలయము బాగుగనే యున్నది, నడుమ భూమిలో పాతిన తీగల కట్ట తెగినది. అట్టి స్థితియే నీటికాసుల రోగిది. కన్ను తేటగా నుండును, మెదడు చురుకుగా నుండును. వార్త మాత్రము చేరదు.

ఈ తంతువులు ఒకటొకటిగా తెగుచుండగా సాధారణముగా నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు తగ్గును. ఒక కంటి లోపమును రెండవ కన్ను కప్పును. మిగిలిన వెలితిని మెదడే పూరించును. అందుచేత రోగి పుస్తకము చదువుచు, సూదిలో దార మెక్కించుచు నుండగనే నరములో పెద్దభాగము పోయియుండవచ్చును. గడప తట్టుకొనుట, ప్రక్కనుండి వచ్చు బండిని కానకుండుట మొదలైనప్పుడు గాని యింటివారికి తెలియదు. కొందఱికి మాత్రము పోవుదారి ఒక్కసారిగా మూసికొనును. అప్పుడు కన్ను ఎఱ్ఱబడి, తీవ్రమైన తలనొప్పియు వాంతులును కలిగి, దీపముచుట్టు రంగుల వలయములు కనబడును. అట్టివారిని తెల్లవారువఱకు ఆగక వెంటనే కంటి ఆసుపత్రికి గొనిపోవలెను.

వ్యాధి యెంత చాటుగా వచ్చునో మన దేశముననే ఋజువైనది. 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదునందలి ఎల్. వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థవారు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు ప్రాంతములలో 10 వేలకు పైబడిన జనులను పరీక్షించిరి. హైదరాబాదు నగరమున వ్యాధి కలదని తేలినవారిలో నూటికి 90 మందికి పైగా, తమకు వ్యాధి యున్నట్లు అంతకుముందు ఎఱుగనే యెఱుగరు. ఈ యంకె చదివినవారెవ్వరును "మా కండ్లు బాగుగనే యున్నవి" అని ధీమాగా పలుకజాలరు.

ఇక ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. వ్రేలు తెగినప్పుడు అందలి నరము దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మరల పెరిగి, కొంతకాలమునకు స్పర్శ తిరిగి వచ్చుట కలదు. చూపునరము అట్లు పెరుగదేల? పేరునకు నరమే యైనను అది పుట్టుకచేత మెదడులో భాగము. మెదడు నరముల ధర్మమే దానికిని కలదు. స్పెయిను దేశస్థుడైన రామోన్ ఇ కహాల్ అను పండితుడు, 1906లో నోబెల్ బహుమానము పొందినవాడు, ఎదిగిన ప్రాణుల మెదడులోని నరములు తెగినప్పుడు కొంచెము మొలకెత్తి, అంతలో ఆగిపోవునని సూక్ష్మదర్శిని సాయమున చూపెను. ఆయన శిష్యుడు తెల్యో 1911లో, దేహపు నరపు ముక్కను చూపునరమునకు అంటుకట్టగా కొన్ని తంతువులు అందులోనికి పెరుగుట కనిపెట్టెను. ఆ కాలమున దానిని ముందునకు నడపినవారు తక్కువ.

అయితే ప్రకృతి యంతటను ఇట్టి నిషేధము లేదు. చేపలకును కప్పలకును చూపునరము తెగినను మరల పెరుగును. అమెరికా దేశమున రోజరు స్పెర్రీ 1940 తరువాతి యేండ్లలో దీనినిగూర్చి చేసిన ప్రయోగములు మా విద్యార్థు లెల్లరు తెలిసికొనదగినవి. ఆయన కప్పజాతి ప్రాణుల చూపునరమును కోసి, కనుగ్రుడ్డును తలక్రిందులుగా త్రిప్పి విడిచెను. నరము మరల పెరిగెను. చూపు మరల వచ్చెను. కాని పైని ఈగ వ్రాలినచో ఆ ప్రాణి క్రిందికి దుమికెడిది. క్రింద నున్నచో పైకి దుమికెడిది. ఎన్నాళ్లయినను ఈ పొరపాటు దిద్దుకొనలేదు. దీనివలన తేలిన దేమనగా, ఒక్కొక్క తంతువును మెదడులో తనకు పూర్వము నియమింపబడిన చోటునే వెదకికొని చేరుకొనును. కాబట్టి నరము పెరిగినంతమాత్రమున పని తీరదు. 10 లక్షల తంతువులును తమతమ యిండ్లకే చేరవలెను. స్పెర్రీకి మెదడునుగూర్చిన వేఱొక పరిశోధనకై 1981లో నోబెల్ బహుమానము లభించెను.

మనుష్యునివంటి పాలిచ్చు ప్రాణులలో నీ శక్తి యేమైనది? 1980 తరువాత కెనడా దేశపు మాంట్రియలు నగరమున ఆల్బర్టు ఆగ్వాయో యనువారును వారి సహచరులును, ఎలుకల కంటి వెనుక కాలినరపు ముక్కను అంటుకట్టిరి. కంటి కణముల తంతువులు అందులో కొన్ని సెంటీమీటర్లు పెరిగెను. అనగా విత్తనములో జీవము కలదు. నేల యనుకూలముగా లేదన్నమాట. 1988లో స్విట్జర్లాండు దేశమున మార్టిన్ ష్వాబు, మెదడు తంతువులను చుట్టియుండు క్రొవ్వుపొరలో పెరుగుదలను ఆపు పదార్థములు కలవని కనుగొనెను. వానిలో నొకదానికి పిమ్మట నోగో యని పేరు పెట్టబడినది.

నేలను బాగుచేసినంతట పంట రాలేదు. విత్తనమును గూడ మేలుకొలుపవలసివచ్చెను. 2008లో బోస్టను నగరమున జిగాంగ్ హే యనువారును సహచరులును, కణముల పెరుగుదలకు కళ్లెమువలె నుండు పీటెన్ అను జన్యువును చిట్టెలుకల కంటినుండి తొలగించిరి. నలిపిన చూపునరమునందు తంతువులు మరల పెరిగెను. 2012లో ఆ నగరముననే లారీ బెనోవిట్జు మొదలైనవారు మూడుపాయముల నొకచో చేర్చి ప్రయోగింపగా, కొన్ని తంతువులు మెదడువఱకు చేరి, ఆ యెలుకలకు కొంత చూపు వచ్చినట్లు గుర్తులు కనబడెను. 2016లో కాలిఫోర్నియాయందు ఆండ్రూ హ్యూబర్మను ప్రభృతులు, జన్యుచికిత్సతోబాటు కంటికి కదలు గీతలను చూపి వ్యాయామము చేయించినయెడల తంతువుల పెరుగుదల హెచ్చునని చూపిరి. తుదకు 2020లో యువాంచెంగ్ లూ, డేవిడ్ సింక్లేరు అనువారు మఱియొక త్రోవ త్రొక్కిరి. జపాను దేశపు యమనక 2006లో కనుగొన్న నాలుగు జన్యువులు ముదిరిన కణమును శిశుకణముగా మార్చగలవు. వానిలో పుట్టకురుపునకు దారితీయు నొకదానిని విడిచి, మిగిలిన మూటిని చిట్టెలుకల కంటిలో ప్రవేశపెట్టగా, ఒత్తిడిచే పోయిన చూపులో కొంత తిరిగి వచ్చెను.

ఇంతవఱకు చెప్పినది చాలును; ఇది కట్టుకథ కాదని తెలియును. నూఱేండ్లకు పైగా, పలు దేశములవారు, ఒకరు విడిచినచోట మఱియొకరు అందుకొని చేసిన పని యిది. అయినను దీనిని నేడే మనుష్యుల కంటికి మందుగా నెంచుట తగదు. ఏలయనగా, చిట్టెలుక చూపునరము కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే; మనుష్యుని చూపునరము కంటినుండి రెండు నరములు కలియు కూడలివఱకే సుమారు 5 సెంటీమీటర్లు, అక్కడనుండి మెదడులోనికి మఱికొంత దారి కలదు. ఎలుకనరమును ఒక్క నిమిషమున నలిపి, కొలది దినములలో చికిత్స చేయుదురు. మనుష్యుని నరము ఏండ్ల తరబడి చాటుగా నలుగును. పెరుగుదల కళ్లెము తీసివేసినచో పుట్టకురుపులు పుట్టు భయము కలదు. పీటెన్ లోపించుట పలు పుట్టకురుపులలో కనబడుచున్నది. ఇంకొకటి, మిక్కిలి ముఖ్యమైనది: చావక మిగిలిన కణముననే తంతువు చిగుర్చును. కణమే చచ్చినచోట చిగుర్చుట కేమియు లేదు. అచ్చట క్రొత్త కణమును నాటవలెను. అది బ్రదికి, తంతువును చాచి, చోటు వెదకికొనవలెను. ఆ పని యింకను ప్రయోగశాలలలోనే యున్నది.

2023 మే నెలలో న్యూయార్కునందు శస్త్రవైద్యులు ఒక మనుష్యునికి ముఖభాగముతోబాటు పూర్తి కనుగ్రుడ్డును మార్పిడి చేసిరి. ప్రపంచమున నదియే మొదటిసారి. ఏడాది గడచిన పిమ్మటను ఆ కన్ను జీవముతో నుండెను, రక్తము ప్రవహించెను, ఒత్తిడి నిలిచెను. చూపు మాత్రము రాలేదు. రక్తనాళములను కుట్టగల చేతులు చూపునరమును కలుపజాలకున్నవి. ఇందుమీద ఎవరును నవ్వరాదు. వైద్యమున కడ్డమైన గోడ యెచ్చటనున్నదో ఇది స్పష్టముగా చూపినది.

ఇప్పుడు మా వాదమునకు వత్తము. "చుక్కలు వేసికొన్నందున పోయిన చూపు రాదు గదా, ఎందుల కీ ఖర్చు, ఈ శ్రమ?" యని పలువురు పెద్ద లడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. చుక్క కంటిమంటను గూడ తెచ్చును. మేలు మాత్రము కంటికి కనబడదు. కాని మేలు జరుగనిది కాదు. స్వీడను దేశమున జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధనయందు, క్రొత్తగా వ్యాధి బయటపడినవారిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు ఒత్తిడి తగ్గించు చికిత్స చేసి, రెండవ జట్టును కనిపెట్టి చూచిరి. సుమారు 6 ఏండ్లలో చికిత్స లేనివారిలో నూటికి 62 మందికి వ్యాధి ముదిరెను. చికిత్స పొందినవారిలో నూటికి 45 మందికి ముదిరెను. ఒత్తిడి ఒక్క మిల్లీమీటరు తగ్గినను ముదురు నపాయము సుమారు పదియవవంతు తగ్గునని కూడ తేలెను. చికిత్స పరిపూర్ణము కాదని రెండవ యంకెయే చెప్పుచున్నది. ఆ లోపముచేతనే క్రొత్త పరిశోధన కావలసియున్నది. కాని యున్న చికిత్సను విడుచుట కది కారణము కాదు. పైరు కొంత యెండినదని మిగిలిన మడికి నీరు కట్టని రైతు గలడా? మీద వాన వచ్చినప్పుడు ప్రాణముతో నున్న మొక్కయే తేఱుకొనును గదా!

మఱికొందఱు వేఱొక యాక్షేపణ చేయుదురు. పేదలకు చుక్కమందే దొరకనిచోట కోట్లకొలది ధనమును ఎలుకల కంటిమీద వెచ్చించుట న్యాయమా యని. పేదకు మందు దొరకవలెననుటలో మాకును సందేహము లేదు. అది ముందుగా జరుగవలసిన పని. అయినను నేటి చుక్కమందును ఒకనాటి పరిశోధనాఫలమే. 1857లో జర్మనీ దేశమున ఫాన్ గ్రేఫే తీవ్రమైన నీటికాసులకు శస్త్రచికిత్స చెప్పువఱకు ఈ వ్యాధికి దారియే కానరాకుండెను. అప్పటివారు ఫలము తమ కాలమున దొరకదని పని మానలేదు. పూర్తిగా చూపు పోయినవారికి చుక్క యేమి చేయగలదు? వారికి మిగిలిన యాశ ఈ పరిశోధన యొక్కటే. వారిని లెక్కనుండి తీసివేయుట మాకు సమ్మతము కాదు.

ఆశను అమ్ముకొనువారిని గూర్చి యొక హెచ్చరిక. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున ముగ్గురు వృద్ధస్త్రీలు, వేఱొక కంటిజబ్బునకై, మూలకణ చికిత్స యని నమ్మి రెండు కండ్లకును సూదులు వేయించుకొని చూపు పోగొట్టుకొనిరని 2017లో వైద్యపత్రికలో వెలువడెను. వారు ఆ చికిత్సకు తామే సొమ్ము చెల్లించిరి. పరిశోధన పేరిట రోగినుండి సొమ్ము పుచ్చుకొనువారిని, రెండు కండ్లకు నొకేదినమున చేయుదుమనువారిని నమ్మరాదు. అట్లే బి3 జీవసత్వము ఎలుకల చూపునరమును కాపాడెనని 2017లో ప్రకటింపబడగా, మనుష్యులమీదను పరీక్షలు జరుగుచున్నవి. అంతమాత్రమున అంగడిలో మాత్రలు కొని మ్రింగరాదు. అధికమైన మోతాదు కాలేయమునకు కీడు చేయును.

తలిదండ్రులకు మేము ముఖ్యముగా విన్నవించునది మఱియొకటి కలదు. వేసవిలో కండ్లు దురదపెట్టి యెఱ్ఱబాఱు పిల్లలకు, వైద్యుని చీటీ లేకయే మందులకొట్టులో స్టీరాయిడు చుక్కలు కొని నెలల తరబడి వేయుట మన ప్రాంతములలో కలదు. దురద వెంటనే తగ్గును, తల్లి సంతసించును. కాని ఆ చుక్క కొందఱు పిల్లలలో కంటి యొత్తిడిని పెంచి, చూపునరమును చంపును. పాఠము చదువవలసిన వయస్సుననే ప్రక్కచూపు పోయిన పిల్లవానికి ఇకముం దేబడియు దానిని తిరిగి యీయజాలదు. కాబట్టి పాతచీటీతోగాని పొరుగువారి మాటతోగాని కంటిమందు కొనవలదు.

విద్యార్థులారా, మీకు చేతనగు పనులు కొన్ని కలవు. మీ యింట 40 ఏండ్లు దాటినవారుండినచో, కంటి యొత్తిడియు చూపునరమును పరీక్ష చేయించుకొనుమని చెప్పుడు. తాతకుగాని నాయనమ్మకుగాని ఈ వ్యాధి యున్నచో, వారి బిడ్డలకును తోబుట్టువులకును ఇది వచ్చు నవకాశము ఇతరులకంటె హెచ్చు. వారందఱును పరీక్షకు పోవలెను. వణకు చేతులతో చుక్క కంటిలో పడక చెంపమీద పడుచుండును. మీరు ప్రక్కన కూర్చుండి, చేతులు కడుగుకొని, క్రిందిరెప్పను మెల్లగా లాగి, ఒక్క చుక్క వేసి, ముక్కుప్రక్కన కంటిమూలను ఒక నిమిషము వ్రేలితో నొక్కి పట్టుడు. చెప్పినవేళ తప్పనీయకుడు. ఈ పనికి పట్టము అక్కఱలేదు.

మీలో జీవశాస్త్రమునందు అభిరుచి కలవారికి ఇంకొక మాట. కప్పకు మరల పెరుగు నరము మనుష్యునకేల పెరుగదను ప్రశ్నకు సమాధానము సగమే దొరకినది. మిగిలిన సగమును వెదకువారు ఎక్కడనో పెద్ద పట్టణములలోనే పుట్టవలెనని నియమము లేదు. మీరు గణితమును, రసాయనమును శ్రద్ధగా నేర్చుకొనుడు. కనబడినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుట అలవరచుకొనుడు. కహాల్ సూక్ష్మదర్శినిలో చూచినదానిని తన చేతితో బొమ్మలుగా గీచి యుంచెను. శతాబ్దము గడచినను అవి నేటికిని పనికివచ్చుచున్నవి.

చూపునరము మరల చిగుర్చునా యని యడిగినవారికి మా యుత్తరమిది: ఎలుకలలో కొంత చిగిర్చినది, మనుష్యులలో చిగుర్చునని ఆశింప కారణము కలదు, దినము చెప్పగలవా డెవ్వడును లేడు. ఆ దినము వచ్చువఱకు ఉన్న తంతువులను పోగొట్టుకొనకుండుట మన వంతు. ఈ పుటలు చదివిన యింట, ఈ నెల గడువకముందే పెద్దవారిలో నొక్కరైనను కంటిపరీక్షకు పోయినచో, మా శ్రమ ఫలించినదని యెంచెదము.